సగం తిన్న పాన్సిట్

తండ్రితో మాటామాటా పెరిగి, రొయ్యలు వేసిన పాన్సిట్ నూడుల్స్ సగంలోనే వదిలేసి అన్నయ్య పడవరేవుకు వెళ్లిపోయాడు. చెల్లెలు వెంటనే తన పళ్లెం గుండ్రంగా తిప్పింది.

"నువ్వూ తిప్పు నాన్నా. తింటుండగా ఒకరు ప్రయాణమైతే మిగతావాళ్లు పళ్లెం తిప్పాలి. అన్నయ్య క్షేమంగా చేరొద్దూ?"

"చేరితే చేరతాడు. నా పళ్లెం జోలికి రాకు."

"అమ్మ ఉంటే ఈపాటికి తిప్పేసేది."

"మీ అమ్మే వాణ్ణి నెత్తికెక్కించుకుంది. తిను, చల్లారిపోతోంది."

"సముద్రం మీద గాలి ఎక్కువైంది నాన్నా."

ఆయన కిటికీకేసి చూశాడు.

"లోపలికెళ్లి నిమ్మకాయ పట్రా."

ఆమె తెచ్చి, ఆయన ముందు పెట్టబోతూ ఆగింది.

"నాన్నా, నీ పళ్లెంలో నీ వైపున్న రొయ్యలన్నీ అవతలికెలా వెళ్లాయి?"

"గాలి ఎక్కువైందని నువ్వే అన్నావుగా!"