బావ ఇచ్చిన ఇంజను

ఆ గోనెపట్టా కిందదా? ఇంజనమ్మా, నీళ్లు తోడే ఆయిలింజను. ముట్టుకోకు, చేతులు నల్లగా అవుతాయి. అసలది నాది కాదు, మీ తాతది. నాకు అక్కమొగుడేగా, బావ. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఏం చెబుతున్నాను... ఆఁ, ఇంజను. కరెంటు తీగ మన పొలాల దాకా ఏనాడూ రాలేదు. ఇదే దిక్కు. పది సార్లు దగ్గితే గానీ అందుకునేది కాదు. దీన్ని నమ్ముకుని బావ ఒక్క ఎకరం మిరప వేసేవాడు, మిగతా రెండూ వానకి వదిలేసేవాడు. తర్వాత సోలార్ పలకలు పెట్టించాడు, ఊళ్లో మొదట ఆయనే. పొద్దున్నే భుజం మీది తువ్వాలు తడిపి పలకలు తుడిచేవాడు, పసిపిల్ల మొహం తుడిచినట్టు. "మీ బావ సూర్యుడి దగ్గర జీతానికి కుదిరాడ్రా" అని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆ ఏడు మూడెకరాలూ మిరపే. నీళ్లున్నాయన్న ధైర్యం అలాంటిది మరి. "నాకెందుకురా ఈ దగ్గుల ముసలాడు, నువ్వు తీసుకుపో" అని ఇంజను నాకిచ్చేశాడు.

చేను పూత మీదుంది. మబ్బు పట్టింది. మబ్బు పడితే రైతుకి సంబరమేగా? చుక్క రాలలేదమ్మా. తొమ్మిది రోజులు! ఎండ లేదు, వాన లేదు, ఒకటే గాలి. మనదా ఇసుక నేల, మూడో రోజుకి తడి తగలకపోతే పూత నిలవదు. బావ మోటారు చిటికెన వేలంత ధార పోసి ఆగిపోయేది. నాలుగో రోజు వచ్చి నా గట్టు మీద నిలబడ్డాడు. ఇంజను నా చేలో ఆడుతోంది. "ఎంతసేపు పడుతుందిరా?" అన్నాడు. ఎందుకడిగాడో నాకు తెలుసు. తెలిసే, "ఇంకో రెండు రోజులు బావా" అన్నాను. ఒక్క పూటలో అయిపోయే పని. ఈ మబ్బు ఎన్నాళ్లుంటుందోనని నా భయం నాది, తడిసిన చేనే మళ్లీ తడుపుకున్నాను. "సరే, కానీ" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఏడో రోజు నేనే బండి మీద వేసుకెళ్లాను. అప్పటికి పూతంతా నేల మీదే ఉంది, తెల్లగా.

ఒక్క మాట అనలేదు. నాతో మాట్లాడ్డమూ మానలేదు, అదీ నా బాధ. మరుసటేడు మళ్లీ ఎకరమే వేశాడు. పలకలున్నాయి, ఎండుంది, ధైర్యం లేదంతే. ఇంజను తీసుకో బావా అంటే, ఉంచుకోరా అన్నాడు. ఆయన పోయాక అక్క చెప్పింది. "నోరు తెరిచి అడగొచ్చుగా" అని తనంటే, "ఇచ్చిందాన్ని మళ్లీ ఎలా అడుగుతానే, వాడికి తెలియదా" అన్నాడట.

...కప్పెయ్యమ్మా ఆ పట్టా. మబ్బేస్తున్నట్టుంది, దండెం మీద బట్టలు తీశావా?