తొలి పార

2002, కంబదూరు దగ్గరి ఒక పల్లె. నవాబుల గోరీల దగ్గర, వాటిని చూసుకునే ముజావరు బాబయ్య, రైతు ఓబన్న.

“పార పట్టుకో బాబయ్యా. ఆ నవాబుల వంశంలో మిగిలినోడివి నువ్వే. తొలి దెబ్బ నువ్వేస్తే మాకు దోషం అంటదు.”

“కూర్చో ఓబన్నా. ఇంత నీళ్ళు తాగు.”

“నీళ్ళు యాడివి? బోరెండిపాయె. శెనిక్కాయ మాడిపాయె. ఎద్దుల్ని సంతకు తోలితే కొనేవాడు లేక మళ్ళా తోలుకొస్తి.”

“మా పెద్దలు ఏలింది ఎంతప్పా. ఒక కోట, రెండు చెరువులు, నాలుగు తరాలు. ఆఖరాయన కరువులో కోట గాదెలు తెరిచి ఊరికి జొన్నలు పంచినాడు. సుల్తానుకు కప్పం కట్టలేక కోటే పోగొట్టుకున్నాడు. అట్లాటోళ్ళ గోరీలు...”

“ఆ కత నాకు తెలీదా? ఆయన్ని ఎవరు ముట్టుకుంటారు? మాకు కావల్సింది ఆ కడాన ఉండే చిన్నది. నవాబు కూతురుది.”

“దాన్ని ఇడిసిపెట్టు.”

“బొల్లి వచ్చిన మనిషిని పూడిస్తే వాన రాదు. తీసి కాల్చాల. తాతల కాలం నుంచీ చేస్తాండేదే.”

“ఆ పిల్లకు బొల్లి అని ఎవరు చెప్పినారు?”

“నువ్వే. కంపచెట్లు కొట్టి, సున్నం పూసి, ఇది నవాబు కూతురు గోరీ అని చూపించింది నువ్వే. పంద్రాగస్టు నాడు ఇస్కూల్లో, ఆ పిల్ల ఒంటిమీద మల్లెలు రాలినట్టు తెల్లగా మచ్చలుండేవని చెప్తివి. చెప్తా చెప్తా ఏడిస్తివి. అందరూ నగినారు.”

“ముసలోన్ని. నోరు జారినా.”

“ఊరు పట్టుకుంది గదప్పా.”

“చేతులెత్తి మొక్కుతా. కోట రాళ్ళు పీక్కపోండి. అది మాత్రం వద్దు.”

“ఆ ఎముకలకూ నీకూ ఏం సమ్మందం? నీ కూతురు గౌసియా గుంతకల్లులో మీ చెల్లెలింట్లో జొరమొచ్చి సచ్చిపాయె. ఆడే మట్టి చేసొస్తినని వచ్చి చెప్తివి. మాకు కడసారి చూపు గూడా లేకపాయె. మా ఇంటిది యశోదమ్మ కూడు ముట్టలా. ఆ పొద్దు రాయి మాదిరి ఉండినోడివి, ఎప్పుడో సచ్చిన పిల్లకు ఏడుస్తాండావే.”

“గౌసియాను ఎందుకు తీస్తావప్పా ఇప్పుడు.”

“గుర్తొచ్చి అన్నాలే. మామా మామా అని నా బండెక్కితే దిగేదే కాదు. ఉన్నట్టుండి గుంతకల్లుకు పంపిస్తివి. మళ్ళా ఊరికి తీసుకరాలా. ఎందుకని అడిగితే చెప్పలా.”

“చెప్పింటే నీ బండెక్కనిచ్చేవాడివా?”

“ఏమంటాండావు నువ్వు?”

“ఏం లేదు.”

“అదో, మారెప్పా వాళ్ళు గడ్డపారలు ఎత్తుకోని వస్తాండారు. పట్టుకో బాబయ్యా.”

“పట్టుకోలేను.”

“ఎందుకు పట్టుకోలేవు?”

“గుంతకల్లులో నేను ఎవరినీ మట్టి చేయలా ఓబన్నా. నవాబుకు కూతురే లేదు. ఆడ పండుకోనుండేది, నిన్ను మామా అని పిలిచిన పిల్లే.”