అట్ట వెనక జేబు

అధ్యక్షులు గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కుర్చీలు దొరికినవాళ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నా తోటి పాఠకులకు నమస్కారం. పదవీ విరమణ సభలో దండలు వేసే వేళ తప్పు ఎత్తి చూపడం మర్యాద కాదని తెలుసు, అయినా ముందు అదే చెబుతాను. మన లైబ్రేరియన్ మేడమ్ గారు ఇంకా కుర్చీ దిగకముందే, మొన్న శుక్రవారం, గ్రంథాలయ కమిటీ ఒక తీర్మానం చేసింది. తాగుడు, పొగ, మత్తుమందులు మానడానికి పనికొచ్చే కరపత్రాలన్నీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయాలట. కావలసినవాళ్లు పేరు, చిరునామా రాసి తాళంచెవి అడగాలట. దాని మీద మొదటి సంతకం అధ్యక్షులు గారిదే. అయ్యా, మీరంటే నాకు గౌరవం ఉంది. ఆ సంతకం మీద లేదు.



ఇరవై ఆరేళ్లుగా మేడమ్ గారు ఏం చేశారో కొత్తవాళ్లకు చెబుతాను. మోటారు మరమ్మతు, కుట్టుపని, వంటలు, పోటీ పరీక్షలు - జనం చేతుల్లో నలిగే ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల మన బైండింగ్ బాబాయ్ చేత ఒక కాగితపు జేబు అతికించారు. అందులో ఒక కరపత్రం, డాక్టరును కలిసే వేళలు రాసిన చీటీ. తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వక్కర్లేదు. ప్రతి శనివారం ఇద్దరూ కూర్చుని, ఖాళీ అయిన జేబులు నింపేవారు. ఎవరు ఖాళీ చేశారని ఎన్నడూ అడగలేదు. బాబాయ్, నువ్వు అలా తల దించుకోకు, ఇవాళ దండ నీకూ పడాలి! (చప్పట్లు)

సాయంత్రాలు ఇక్కడ పుస్తకాలు సర్దడానికి వచ్చే నాకు ఈ పద్ధతి మొదట్లో పిరికితనంలా కనిపించింది. నాలుగు కరపత్రాలు చదివేసరికి లోకాన్ని బాగుచేసేవాణ్ణి నేనే అనిపించింది మరి! జేబుల్లోవన్నీ పీకి ఒక అరలో పేర్చి, పైన ఎర్ర రంగుతో ‘వ్యసనపరులకు’ అని బోర్డు రాసి తగిలించాను. నెల రోజులు ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. మేడమ్ గారు తిట్టలేదు. “ఏరా, ఈ బోర్డు కింద నువ్వు నిలబడతావా?” అన్నారు.

“నాకేం భయమండీ?”

“అయితే సాయంత్రం దాకా నిలబడు.”

అరగంట గడవలేదు, మా పెద్దమ్మ వచ్చింది. “ఇక్కడేం చేస్తున్నావురా?” అంది.

“దుమ్ము దులుపుతున్నా పెద్దమ్మా!” (నవ్వులు)

నవ్వండి. కానీ ఆ వేళ నా చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఉంది. అప్పటికే ఇంట్లో తెలియకుండా నిద్రమాత్రలు మింగడం కూడా మొదలుపెట్టాను. ఊరందరినీ బోర్డు కిందకు రమ్మన్నవాణ్ణి, నా గురించి ఒక్క ముక్క నిజం చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం బోర్డు నేనే దించి, కరపత్రాలన్నీ మళ్లీ జేబుల్లో పెట్టాను. మర్నాడు మోటారు మరమ్మతు పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను. మాకు మోటారు లేదు. మేడమ్ గారికి ఆ సంగతి తెలుసు. ముద్ర వేసి, “నెమ్మదిగా చదువుకో” అన్నారు, అంతే. రెండేళ్లయింది మానేసి.

(అధ్యక్షులు గారు: “ఎంతమంది చదివారో పైవాళ్లకు చూపించాలి కదయ్యా!”)

చూపించండి. ఖాళీ జేబులు ఎన్నో బాబాయ్ చెబుతాడు. పేర్లెందుకు? పేరు రాయమంటే ఆ రోజు నేను రాసేవాణ్ణి కాదు. ఇవాళ ఈ మైకు ముందు ఉండేవాణ్ణీ కాదేమో. ఇప్పుడు మన మధ్య కూర్చున్నవాళ్లలో ఎవరికి ఆ కాగితం రేపు అవసరమో మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలియకుండా ఉండడమే మేడమ్ గారి ఇరవై ఆరేళ్ల కష్టం.

ఇందాక మెట్ల దగ్గర మేడమ్ గారు నా చెయ్యి పట్టుకుని, “గొడవ చేయకురా” అన్నారు. మేడమ్, క్షమించండి, నేను మాట ఇవ్వలేదు.

రేపు ఉదయం తొమ్మిదింటికి జేబులు ఖాళీ చేసి బీరువాకు తాళం వేస్తారట. మనం ఎనిమిదిన్నరకే చదివే గదిలో ఉండాలి. కేకలు వద్దు, ముందుగా నాకే చెబుతున్నాను ఈ మాట. తలా ఒక జేబున్న పుస్తకం తీసుకుని బల్లల దగ్గర కూర్చుందాం. మన చేతిలో ఉన్న పుస్తకాన్ని ఎవరూ లాక్కోలేరు. అధ్యక్షులు గారు వస్తే వారికీ కుర్చీ వేద్దాం.

ఇంతసేపు ఓపిక పట్టిన పెద్దలకు ధన్యవాదాలు. మేడమ్ గారికి ఏం చెప్పాలో ఏ కరపత్రంలోనూ దొరకలేదు, అందుకని నమస్కారం మాత్రం పెడుతున్నాను. మిగతావాళ్లకు ఎనిమిదిన్నర దాకా సెలవు.