నొక్కి చూడకండి

డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన పండ్ల కొట్టాయనకు తల కొట్టేసినట్టుంది. ఆయన భార్య మాత్రం వరండాలో బల్ల మీద మళ్ళీ కూర్చుంది.

“పద, పద. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే చచ్చినంత పనవుతుంది.”

“కాసేపు కూర్చోండి.”

“ఇంకా ఏం కూర్చునేది? చెప్పేశాడుగా. తల మీది గడ్డ వేలు పెడితే అటూ ఇటూ కదిలింది, ఉత్త కొవ్వుగడ్డ, ఏమీ చెయ్యదు అని.”

“మంచిదేగా.”

“మంచిదే. మంచిదే కానీ... ఆయన నవ్వాడు చూశావా?”

“నవ్వలేదండీ.”

“నవ్వాడు. ‘రోజూ నొక్కుతున్నారా?’ అని అడిగి మరీ నవ్వాడు.”

“మరి నొక్కారు కదా. పొద్దున లేస్తే నొక్కుడు, బేరం మధ్యలో నొక్కుడు. కొట్టుకొచ్చినవాళ్ళు బొప్పాయి మీద వేలు పెడితే మాత్రం ‘నొక్కి చూడకండమ్మా, నొక్కితే పాడవుతుంది’ అని అరుస్తారు.”

“దెప్పకు. పెరుగుతోందేమోనని చూసుకున్నా.”

“ఆ పైన డబ్బాలు డబ్బాలు బామ్. తల మండదూ మరి?”

“మంటంటే గడ్డ లోపలికి పాకుతోందనుకున్నా. బామ్ వల్లని నాకేం తెలుసు? సరే, లే. వెళ్దాం.”

“వెళ్దాం. ఉండండి.”

“మీ తమ్ముడికి ఏమని చెప్పను? కొట్టు తాళాలు చేతిలో పెట్టి, ‘బావ లేడనుకో, అక్కని చూసుకో’ అన్నాను. ఏడ్చాడు వాడు.”

“మీరూ ఏడ్చారు.”

“నేనా?”

“వెక్కి వెక్కి.”

“పక్క గుడ్డల కొట్టాయన పొద్దున్నే చేయి పట్టుకుని ధైర్యం చెప్పాడు. ఇప్పుడాయన మొహం ఎలా చూడను? గోరంతని కొండంత చేశాను.”

“గోరంతే అయిందని సంతోషించండి.”

“పిల్లకి కూడా ఫోన్ చేశాను. అమ్మ జాగ్రత్తమ్మా, నీ చదువు జాగ్రత్తమ్మా అని...”

“తెలుసు. ఆ రోజంతా అది నాకు ఫోన్ చేస్తూనే ఉంది.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే ఇంకోసారి నొక్కేవారు.”

“నవ్వుతున్నావా, తిడుతున్నావా?”

“రెండూ కాదు.”

“అందరికంటే నీ దగ్గరే నాకు సిగ్గుగా ఉంది. మొన్న అన్నం దగ్గర నీ మీద అరిచాను. ‘నీకేం తెలుసే ఈ భయం, నీకెప్పుడైనా ఒళ్ళు చెడిందా?’ అని.”

“అన్నారు.”

“నువ్వు కంచం తీసుకుని లేచిపోయావ్.”

“అంట్లు తోమాలని లేచాను.”

“కాదు. ఏదో చెప్పబోయావ్. నేనే చెప్పనివ్వలేదు.”

“పోనిద్దురూ. మీ భయం మీది అప్పుడు.”

“లోపల డాక్టర్ని నువ్వే అన్నీ అడిగావ్. గట్టిగా ఉంటే ఏంటి, నొప్పి లేకపోతే ఏంటి, కదలకపోతే ఏంటి అని. నాకోసం ఎంత బెంగ పెట్టుకున్నావో అనిపించి, సిగ్గుతో చచ్చిపోయాననుకో.”

“ఊఁ.”

“అయినా నాది మెత్తగా ఉంది, కదిలింది. ఇంక అవన్నీ ఎందుకడిగావే?”

“తెలుసుకుందామని.”

“సరే, లే ఇక. మన వంతు అయిపోయిందిగా.”

“మీ వంతు అయిపోయింది.”

“అంటే?”

“నాకూ చీటీ తీసుకున్నాను.”

“నీకెందుకు? నీకేమైంది?”

“మీ సంగతి తేలాక చెబుదామని ఆగానండీ. చంకలో. మీలా రోజూ నొక్కలేదు, ఒక్కసారే నొక్కి చూశాను. కదల్లేదు.”