రాక్షసుడి మర్యాద

ఒసాకాలో పాత వీడియో గేములమ్మే దుకాణం. డెబ్బై దాటిన బామ్మ ఒకావిడ, నిన్న కొన్న ఆటను తెచ్చి కొట్లోని కుర్రాడి ముందు పెట్టింది.

"రోల్ ప్లేయింగ్ గేమ్ అని అమ్మావు. ఇది కాదు. మార్చి ఇవ్వు."

"కత్తి ఉంది, డ్రాగన్ ఉంది. ఇంకేం కావాలి బామ్మగారూ?"

"ఇదిగో, ఈ పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూ విను. ఇందులో గెలవాలంటే నా వేళ్ళు చురుగ్గా ఆడాలి. అసలైన రోల్ ప్లేయింగ్ గేమ్‌లో నా వేళ్ళు ఇలాగే వణుకుతున్నా, పోరాడేకొద్దీ ఆటలో ఉన్న వీరుడికి బలమొస్తుంది."

"ఈలోపు రాక్షసుడు మీద పడితే?"

"ఎందుకు పడతాడు? నేను ఆలోచించుకుని బటన్ నొక్కేదాకా అలాగే నిలబడతాడు."

"రాక్షసుడికి అంత మర్యాదా!"

"మరేమనుకున్నావ్? నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన ఒక్కసారైనా నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చాడా?"