నేను తిరిగిచ్చిన రేషన్ కార్డు

"తాతా, మన రేషన్ కార్డు నువ్వే వాపసు ఇచ్చినవట, నిజమేనా?"

రెండు వేల పద్దెనిమిది ఎండకాలం, బిడ్డా. ఈడ ఖతర్ నుంచి సెలవు మీద ఇంటికి పోయిన. మీ అమ్మమ్మకు ఆయాసముంటే బియ్యానికి నేనే లైన్ల నిలబడ్డ. చేతికి, నన్ను పనిల పెట్టుకున్న కఫీల్ ఇచ్చిన గడియారం. నా వెనుక బీడీలు చుట్టే సాయమ్మ, మొగడు లేడు. ఆమె వంతు వచ్చేసరికి డీలర్ "అయిపోయినయి, రేపు రా" అన్నడు. ఆమె నా సంచి దిక్కు చూసింది, అంతే. కిలో రూపాయి అప్పుడు. నా చిన్నప్పుడు వరన్నం పండుగకే... సరే, అది వేరే ముచ్చట.

ఇంటికొచ్చి కాగితం తీసిన. రాత్రిబడి చదువు నాది, సంతకం తప్ప ఏం రాసినోన్ని కాదు. "నాకు ఖతర్ల జీతమున్నది, ఈ కార్డు లేనోళ్లకు ఇయ్యుండ్రి" అని రాసిన. మీ అమ్మమ్మ చాట కింద పెట్టి, "దుబాయ్ ఎండ నెత్తికెక్కిందా?" అన్నది. ఆమెకు గల్ఫంత దుబాయే.

ఆఫీసుల గుమాస్తా నవ్విండు. "పెద్దమనిషీ, నీ కార్డు పోతే ఇంకొకరికి గింజ పెరగది. దవాఖాన ఖర్చు సుత దీని మీదనే. ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చిన" అన్న. మొండోన్ని గద.

మళ్ల ఈడికి ఖతర్‌కొచ్చి చెప్తే రూంల లొల్లి. కడప డ్రైవర్, "ఏమప్పా, సర్కారు సొమ్ము మనది కాదా?" అన్నడు.

"మనదే. అందుకే నాకెంత అక్కెరనో నేనే చెప్తున్న" అన్న.

కఫీల్‌కు అసలు సమజే కాలే. ఆళ్లకు ఇంటి కరెంటు, నీళ్లు సర్కారువే గద. "ఇస్తే తీసుకోవాలె, సిగ్గేంది?" అన్నడు. ఆయనకు అట్లనే అలవాటు, తప్పు పట్టలే.

నాలుగేండ్లకు, నేను ఇగ ఇంటికి పోతనని కఫీల్‌కు చెప్పినంక, మీ అమ్మమ్మకు గుండె ఆపరేషన్ పడ్డది. కార్డుంటే పైస లేకుండ అయ్యేది. ఫోన్ల తిట్టింది సూడు, అంత దమ్ముంటే ఆపరేషన్ ఎందుకే అన్న! ఇప్పుడు మంచిగుంది, పొద్దుగాల చెల్కకు నడిచి పోతది. మళ్ల ఆ ఆఫీసుకు పోతె సుత, అదే కాగితం రాస్త.

గని బిడ్డా, నువ్వు నర్సువు, నీకు తెలుసు, ఎవలన్న కార్డు ఇచ్చేస్తమంటే బియ్యం ఒక్కటే ఇడిసిపెట్టి కార్డు దవాఖాన కోసం ఉంచుకొమ్మని చెప్పు. నువ్వు సల్లగుండు.

ఆపరేషన్‌కు మూడు లక్షల ఇరవై వేలు అయినయి. దానికి మూడేండ్లు ఎక్కువ నడిపిన ఈడ బండి.