డిసెంబర్లో దాచమన్న కారు

అరబ్బు దేశం. అల్ వర్సాన్‌లో కార్లు దాచిపెట్టే గోడౌను. డిసెంబరు నెల, శనివారం పొద్దున. ఎర్రటి రెండుసీట్ల కారు గేటు దగ్గర ఆపి, దాని తాళంచెవి బల్లమీద పెట్టి నిలబడ్డాడు బాలసుబ్రహ్మణ్యం. గోడౌను చూసుకునే ప్రభుదాసు ఆ తాళంచెవిని ముట్టుకుంటే ఒట్టు.

“తియ్యండి సార్. ముందు దాన్ని తీసి జేబులో పెట్టుకోండి.”

“జేబులో పెట్టుకోడానికా ఇంతదూరం వచ్చింది? లోపల పెట్టు కారు.”

“ఎవరన్నా వింటే నవ్విపోతారండి బాబూ. డిసెంబర్లో కారు దాచేదేంటండి? మే నెలలో పెట్టి, ఎండలు తగ్గాక తీసుకెళ్ళేది గదా! ఈ దేశంలో బండి తిప్పుకునే రోజులే ఇయ్యి. మొన్నీమధ్యేగా మీరు పరుగెత్తుకుంటా వచ్చి తీసుకెళ్ళింది?”

“పరుగెత్తుకుంటూ ఏం రాలేదు. నువ్వే ఫోన్ చేశావు, చల్లబడింది సార్ రండి అని.”

“ఆయ్, చేశాను. మా ముదీరు, అదే మేనేజరు, అందరికీ చేసి చెప్పమన్నాడండి. బళ్ళన్నీ ఖాళీ చేయిస్తే నేల కడిగించుకుంటానని.”

“అందరికీ చేశావా?”

“అందరికీనండి. ఏం?”

“ఏం లేదు. లోపల పెట్టు.”

“చూడండి, అంతా ఖాళీ. ఆ మూలనున్న బండి ఒక్కటే, దాని ఓనరు లండన్ ఎల్లి రాలేదు కాబట్టి. ఇంత గోడౌన్లో మీ బండి పెడితే బిక్కుబిక్కుమంటది.”

“ఖాళీ ఉంటే మరీ మంచిది. చోటు లేదని చెప్పలేవు.”

“చోటు ఉందండి. నాకే మనసు ఒప్పట్లేదు.”

“నీ మనసుతో పనేంటి? పొద్దున్నే పొగమంచు పడుతోంది. రోడ్డు కనపడట్లేదు.”

“ఎండ రాగానే పోద్ది గదండి. ఎండ వచ్చాకే బయల్దేరండి.”

“వానలొస్తాయంటున్నారు.”

“టాప్ వేసుకోండి.”

“నడుం నొప్పయ్యా. ఆ సీటు మరీ కిందకుంటుంది, దిగాలంటే ప్రాణం పోతోంది.”

“ఇప్పుడు దిగారు గదండి, నేను చూశాను. కుర్రాళ్ళు కూడా అలా దిగరు.”

“ఆఫీసులో పని ఎక్కువ. సంవత్సరం చివర.”

“ఇవాళ శనివారం. ఆఫీసుందాండి?”

“లేదు.”

“మరి?”

“మరి అంటే... మరి అంటే ఏంటయ్యా? నా కారు, నా ఇష్టం. కస్టమరు బండి తెస్తే కాగితం రాసి లోపల పెట్టాలి. అంతేగా నీ పని?”

“అంతేనండి.”

“మరి కానీ.”

“కోప్పడుతున్నారు మీరు.”

“కోప్పడట్లేదు.”

“టీ తాగుతారా?”

“తాగుతాను.”

“ఫ్లాస్కులో ఉంది. పంచదార ఎక్కువైపోయిందండి, మా గదిలో మలబారీ ఆయన పెట్టాడు.”

“ఫర్లేదు. నువ్వు పోసుకోలేదేం?”

“ఒకటే కప్పండి. నేను తర్వాత తాగుతాలెండి.”

“మూతలో పోసుకో. అలా నుంచుని చూస్తా ఉంటే నాకు దిగదు.”

“ఆయ్, మూత ఉంది గదా. కూర్చోండి సార్, ఆ టైరు మీద కూర్చోండి, శుభ్రంగానే ఉంటది. మొన్న బండి తీసుకెళ్ళేటప్పుడు హత్తా కొండలకి ఎల్తానన్నారు. ఎల్లారా?”

“వెళ్ళాను.”

“టాప్ తీసి?”

“టాప్ తీసే. కొండల్లో గాలి ఎంత బాగుందో. మలుపు మలుపుకీ కారు అలా అతుక్కుని పోయింది రోడ్డుకి. నేనే కేక పెట్టాను ఒకచోట.”

“అద్దీ! మరి లోపల పెట్టమంటారేంటండి?”

“పైన ఆపి టీ తాగాను. వచ్చేశాను.”

“అంతేనా?”

“ఇంకేం చేస్తారు? చుట్టూ అందరూ కుటుంబాలతో వచ్చారు, చాపలు పరుచుకుని, బొగ్గులమీద మాంసం కాల్చుకుంటూ. ఒకాయన వచ్చి నీ కారు దగ్గర ఫోటో దిగుతాం అన్నాడు. దిగండి అన్నాను. పెళ్ళాన్నీ పిల్లల్నీ పిలుచుకొచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.”

“మిమ్మల్నే తియ్యమన్నాడా?”

“తీశాను. బాగా వచ్చింది కూడా.”

“మిమ్మల్ని కూడా నిలబడమనలేదా వాళ్ళతో?”

“ఎందుకంటాడు? డ్రైవర్ననుకున్నాడో ఏమో.”

“మీరూ నాలుగు ఫోటోలు తీసి ఇంటికి పంపాల్సిందండి.”

“పంపాను. మా అమ్మాయి స్నిగ్ధ బొటనవేలు బొమ్మ పెట్టింది. వాళ్ళమ్మ ‘జాగ్రత్తగా నడపండి’ అని పెట్టింది.”

“పట్టించుకున్నట్టే గదండి.”

“పట్టించుకోలేదని నేనన్నానా? టీ బాగుంది.”

“బాగోలేదండి, నాకు తెలుసు. సార్, ఒక మాట అడగనా? ఆ పక్కసీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంచారేంటండి? కొని చాన్నాళ్ళయింది. తీసెయ్యమంటే తుడిచేటప్పుడు నేనే తీసేద్దును.”

“ఉండనీ. కూర్చునేవాళ్ళేరి?”

“అమ్మగారు ఎప్పుడూ ఎక్కలేదా?”

“బుక్ చేసినప్పుడు చాముండి ఇక్కడే ఉంది. ఒకటే నవ్వు. ముగ్గురం ఉంటే రెండు సీట్ల కారేంటండీ, నన్ను డిక్కీలో కూర్చోబెడతారా అంది. చిన్నప్పట్నించీ ఉన్న కోరికయ్యా, విజయవాడలో గోడమీద బొమ్మ అంటించుకునేవాణ్ణి. వంతులవారీగా తిప్పుతానులే మీ ఇద్దర్నీ అన్నాను. కారు చేతికొచ్చేసరికి పిల్లకి హైదరాబాదులో మెడిసిన్ సీటొచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. ఇప్పుడు నాకు రెండు సీట్లు కూడా ఎక్కువే.”

“వస్తారులెండి సెలవులకి.”

“ఊఁ. వస్తారు. లోపల ఉంటేనే దానికి మంచిది ప్రభుదాసూ. గుడ్డ కప్పుతావు, గాలి కొడతావు, వారం వారం స్టార్ట్ చేస్తావు.”

“ఆ... ఆయ్.”

“ఫోన్లో వినిపిస్తావు కూడా.”

“చల్లారిపోద్ది సార్, తాగండి.”

“తాగేశాను.”

“ఇంకొంచెం పొయ్యనా?”

“వద్దు. కాగితం తియ్యి.”

“తీస్తాను గాని, నిజం చెప్పండి. ఉద్యోగం పోయిందా?”

“పోలేదయ్యా.”

“అమ్మేస్తున్నారా బండి? ఎవరికన్నా చూపించటానికి ఇక్కడ పెడుతున్నారా?”

“లేదంటే!”

“ఒంట్లో బాలేదా? డాక్టరు బండి నడపొద్దన్నాడా?”

“హత్తా కొండెక్కి వచ్చానని ఇప్పుడేగా చెప్పాను.”

“అమ్మగారితో ఏమన్నా గొడవ?”

“గొడవ పడాలన్నా మాట్లాడుకోవాలి కదా. తిన్నారా అంటుంది. తిన్నానంటాను. స్నిగ్ధకి పరీక్షలండీ అంటుంది. సరే పడుకో అంటాను. అయిపోయింది. ఆవిడ తప్పేం లేదు. ఇంటి పనీ, పిల్ల చదువూ, ఆవిడకి ఊపిరాడట్లేదు. నా దగ్గర చెప్పడానికి ఏముందని? ఏసీ రిపేరు చేయించాను అని ఎన్నిసార్లు చెప్తాం.”

“మరెందుకు సార్, ఈ బండి?”

“లోపల పెడితే నువ్వు ఫోన్ చేస్తావు.”

“ఏంటండి?”

“వినపడిందిగా.”

“వినపడిందండి.”

“ఎండాకాలమంతా చేశావు. శనివారం పొద్దున్నే, సార్ మీ బండి స్టార్ట్ చేశాను వినండి అని. తర్వాత కబుర్లు. మీ గదిలో రైస్ కుక్కర్ ఎవడో ఎత్తుకుపోతే మీరంతా మంచాల కింద వెతికిన సంగతి. నైఫ్ బజార్లో గోంగూర కట్టలొచ్చాయి సార్, త్వరగా ఎల్లండి అని. నేను ఆ ఎండలో పడి వెళ్ళి తెచ్చుకున్నాను తెలుసా? శనివారం వస్తోందంటే స్నానం చేసి, కాఫీ పెట్టుకుని, ఫోన్ ముందర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నవ్వకు.”

“నవ్వట్లేదండి.”

“కారు తీసుకెళ్ళాను. ఇంక నువ్వెందుకు చేస్తావు? ఒక్కసారి కూడా చెయ్యలేదు.”

“మీరు చెయ్యొచ్చు గదండి.”

“ఏమని చెయ్యను? నీకు నాతో పనేంటి, నాకు నీతో పనేంటి? నంబరు తీసేవాణ్ణి. ఊరికే చేశాను ప్రభుదాసూ అనాలంటే నోరు రాలేదు. ఆఫీసులో అంతమంది నా కింద పనిచేస్తారు, నేను గోడౌనుకి ఫోన్ చేసి కబుర్లు చెప్పమని అడగనా? మళ్ళీ పెట్టేసేవాణ్ణి.”

“అయ్యో సార్.”

“అయ్యో ఏంటి. ఒంటరిగా ఉందయ్యా నాకు. అదీ సంగతి. కారు తిప్పితే ఇంకా ఒంటరిగా ఉంటోంది. ఇప్పుడు తాళంచెవి తీసుకుంటావా?”

“తీసుకోనండి.”

“ఇంత చెప్పించి తీసుకోవా!”

“ఆ ఫోన్ల కోసమైతే మటుకు పెట్టకండి సార్. మీకు దణ్ణం పెడతా.”

“నీకు విసుగ్గా ఉండేదా? ఉంటే చెప్పు, ఫర్లేదు.”

“ఛ ఛ! విసుగేంటండి. ఎలా చెప్పను... మీరు తిడతారు.”

“తిట్టను. చెప్పు.”

“వేసవి మొదట్లోనే బేటరీలకి ఛార్జర్లు తెచ్చారండి. గోడకి తగిలించి, వైరు బండికి పెట్టేస్తే ఖలాస్. స్టార్ట్ చెయ్యక్కర్లేదు. చెయ్యొద్దన్నాడు ముదీరు, లోపలంతా పొగొస్తందని.”

“ఊఁ.”

“మీ బండి నేను ఒక్కరోజు కూడా స్టార్ట్ చెయ్యలేదండి. కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది మీరొచ్చేదాకా.”

“ఊఁ.”

“ఎవరికీ ఫోన్లు చెయ్యమని మాకు లేదండి, ఆ చల్లబడిందని చెప్పేది తప్ప. మీకొక్కరికే చేసేవోణ్ణి.”

“ఎందుకని?”

“ఎందుకంటే ఏం చెప్పనండి. గదినిండా మనుషులే, ఒక్కడికీ తెలుగు రాదు. పొద్దున్నించీ రాత్రిదాకా హిందీలో మాట్లాడి మాట్లాడి నా నోరు నాకే కొత్తగా ఉంటది. మా ఆవిడ సుధారాణి కువైట్లో ఇళ్ళల్లో పనికెల్లింది గదా. ఆ మేడమ్ ఫోన్ ఇచ్చినప్పుడే మాట, అదీ మేడమ్ పక్కన నిలబడి చూస్తా ఉంటదంట. ఇక్కడ కస్టమర్ల పేర్లలో మన పేరు మీదొక్కటే కనపడింది. ఊరికే ఎలా చేస్తానండి, కస్టమర్లకి ఊరికే చేస్తే ముదీరు ఊరుకోడు. ఏదో ఒక వంక కావాలి గదా. అందుకని మీ బండి స్టార్ట్ చేశానని అబద్ధం ఆడాను. ఏదీ వినిపించు అన్నారు మీరు.”

“అన్నాను.”

“భయమేసిందండి. వినిపించకపోతే పెట్టేస్తారనిపించింది.”

“మరి నువ్వు వినిపించింది?”

“మా పికప్పండి. మంచినీళ్ళ డబ్బాలు తెచ్చేది. గేటు బయట దాన్ని స్టార్ట్ చేసి, ఫోన్ దాని ముందర పెట్టేవోణ్ణి.”

“డీజిలు పికప్పు.”

“ఆయ్, డీజిలేనండి. మీరేమో ఎప్పుడూ బాగుంది ప్రభుదాసూ, బాగుంది అనేవోరు. ఫోన్ పెట్టాక సిగ్గేసేదండి. ఇంత నమ్మే మనిషిని మోసం చేస్తన్నానే అని. మళ్ళీ శనివారం వచ్చేసరికి చేసేవోణ్ణి. క్షమించండి సార్. మీకు తెలీదు గదాని ఆడుకున్నట్టయింది.”

“నా కారు చప్పుడు నాకు తెలీదా ప్రభుదాసూ? మొదటి శనివారమే తెలిసింది. ఇది నా కారు కాదు అంటే ఎక్కడ ఫోన్ పెట్టేస్తావోనని అనలేదు.”